సగం చోక్ మీదే లాగే ఆర్‌ఎక్స్ 135

ప్రశ్న: అన్నా, మాది అల్లవరం దగ్గర ఊరు. సంక్రాంతి వెళ్ళాక సెకండ్ హ్యాండ్‌లో యమహా ఆర్‌ఎక్స్ 135 బండి కొన్నాను, నాలుగు గేర్లది. ముందు ఓనరే దాన్ని డర్ట్ బైక్ లాగా చేసేశాడు, మడ్‌గార్డ్ పైకెత్తి, బటన్ టైర్లు వేసి, ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ పెట్టాడు, ఆయిల్ పంపు కూడా తీసేశాడు, నేను లీటరుకి 20 ఎంఎల్ టూటీ ఆయిల్ కలిపి పోస్తున్నాను. ఆదివారాలు ఫ్రెండ్స్‌తో ఏటిగట్టు మీద, గోదారి లంకలో ఇసుక మీద తిప్పుతాం. పొద్దున్నే చోక్ వేస్తే రెండో కిక్‌కే స్టార్ట్ అయిపోద్ది. కాసేపు తిరిగి వేడెక్కాక రైజ్ వదిలేసినా ఇంజన్ రైజింగ్ దిగదు, ఇసుకలో లాగమంటే నీరసపడిపోద్ది, అప్పుడు చోక్ సగం లాగితే మళ్ళీ బానే లాగుద్ది. ఒకాయన కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ పెద్దది వేశాడు, ఇంకొకాయన స్పార్కు నడిపే సీడీఐ డబ్బా మార్చాడు, మూడో ఆయన సిలిండరు బోరు పోయింది అంటున్నాడు. బోరు చేయించమంటారా? ఛాంబర్ సైలెన్సర్ వేస్తే పికప్ వస్తదా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బండిని లంకలోకి తీసుకెళ్ళడం ఆపు, ఇది తేలేదాకా ఊళ్ళో కూడా గట్టిగా లాగొద్దు, ఎందుకో చెప్తాను.

నీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క చోక్ గురించి రాసింది. ముగ్గురు మెకానిక్‌ల దగ్గరికి వెళ్ళావు కదా, వాళ్ళకి ఈ మాట చెప్పావో లేదో నాకు అనుమానమే, చెప్పుంటే సీడీఐ జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. చోక్ పని ఏంటి, చల్లటి ఇంజన్‌కి పెట్రోలు కాస్త ఎక్కువ అందించడం. వేడెక్కిన ఇంజన్‌కి చోక్ వేస్తే మామూలుగా ఏమవ్వాలి, ఉక్కిరిబిక్కిరైపోయి గుడగుడమని పొగ కక్కి ఆగిపోవాలి. నీది ఆగకపోగా బాగుపడుతోంది, అంటే దానికి పెట్రోలు చాలట్లేదు. బోరు అరిగిపోయిన బండి చోక్ వేస్తే బాగుపడదు, కరెంటు సరిగ్గా రాని బండీ బాగుపడదు. కాబట్టి నీకు మిగిలినవి రెండే దార్లు, పెట్రోలు రావాల్సినంత రాకపోవడం, లేదా రాకూడని చోటు నుంచి గాలి వచ్చేయడం. ఈ రెండిట్లో ఏదో తేల్చకుండా జెట్టు ముట్టుకోకూడదు, పిస్టన్ అసలే ముట్టుకోకూడదు.

తిప్పొద్దన్నది ఇందుకు. టూ స్ట్రోక్ బండిలో పిస్టన్‌కి విడిగా నూనె ఉండదు, నీ బండికి పంపు కూడా లేదు కాబట్టి పెట్రోలుతో పాటు ఎంత వెళ్తే అంతే. పెట్రోలు తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే, పైగా పెట్రోలు తక్కువ గాలి ఎక్కువ అయినప్పుడు లోపల మంట వేడి మామూలు కంటే బాగా ఎక్కువ ఉంటది. ఇసుకలో సెకండ్ గేర్లో రైజ్ ఇచ్చి పట్టుకుంటే ఇంజన్ మీద లోడు పూర్తిగా ఉంటది, బండి స్పీడు మాత్రం ఉండదు కాబట్టి బోరు చుట్టూ ఉండే ఫిన్నులకి గాలి తగలదు. పిస్టన్ అల్యూమినియం, బోరు ఇనుము, వేడికి పిస్టన్ ఎక్కువ ఉబ్బుతుంది, ఒక్కసారి కిర్రుమని పట్టేస్తది. అప్పుడు బోరు గురించి నన్ను అడగక్కర్లేదు, అదే చెప్పుద్ది.

ముందు పైసా ఖర్చు లేనివి చూడు. బండి నీరసపడిన వెంటనే రైజ్ వదలకుండానే క్లచ్ పట్టి కీ ఆఫ్ చేసి పక్కకి ఆపెయ్, ఆపి ట్యాంకు మూత తియ్యి. మూత తీయగానే హుస్సుమని గాలి లోపలికి లాగిన చప్పుడు వస్తే మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. లంక దుమ్ము, తడి, రెండూ కలిసి ఆ సన్నటి రంధ్రంలో సిమెంటు లాగా పట్టేస్తాయి. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందకి దిగదు. మూత వదులు చేసి తిప్పి చూస్తే తెలిసిపోద్ది. మూతలో తేడా లేకపోతే అక్కడే కార్బొరేటర్ కింద కప్పు విప్పి చూడు, డ్రెయిన్ స్క్రూ ఉంటే అదొక్కటే విప్పినా సరిపోద్ది, కింద ఒక చిన్న సీసా పెట్టుకో, సైలెన్సర్ వేడి మీద పెట్రోలు కారకుండా చూసుకో, పక్కన సిగరెట్ వెలిగించే ఫ్రెండ్ ఉంటే వాణ్ణి దూరం పంపు. కప్పు నిండా పెట్రోలు ఉందా, అయితే ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా దారి బాగానే ఉంది. సగమే ఉందా, అయితే ట్యాప్ లోపలి జాలీ చూడు, ఫ్లోట్‌కుండే పిన్ను చూడు. మన కోనసీమ గాలికి పాత ట్యాంకులో తుప్పు లేకుండా ఉండదు, ఆ ఎర్రటి పొడి ట్యాప్ జాలీలో పేరుకుపోయి పెట్రోలు ధార సన్నబడిపోద్ది. ఊళ్ళో నెమ్మదిగా తిరిగితే ఆ సన్న ధార సరిపోద్ది, ఇసుకలో ఫుల్ రైజ్ మీద సరిపోదు, చాలామందికి ఈ తేడా దగ్గరే తికమక.

ఇంకో చిన్నది, రైజింగ్ దిగట్లేదన్నావు కదా, బండి న్యూట్రల్లో ఐడ్లింగ్‌లో పెట్టి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూడు. తిప్పినప్పుడు రైజింగ్ మారితే రైజ్ కేబుల్ లాగేస్తోందని. మడ్‌గార్డు పైకెత్తిన బళ్ళలో కేబుల్ దారి మార్చేసి ఉంటారు, ఇది మామూలే. దానికి మందు కేబుల్ సరిగ్గా తిప్పి కట్టుకోవడమే.

ఇవన్నీ బాగానే ఉన్నాయనుకో, నా అనుమానం నిజానికి అటే, అప్పుడు గాలి సంగతికి వద్దాం. ఇక్కడ టూ స్ట్రోక్ ఇంజన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే నీకు ఇంకెవరూ అబద్ధం చెప్పలేరు. ఫోర్ స్ట్రోక్ బండిలో కింద క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, ఉండే డబ్బాలో ఇంజన్ ఆయిల్ ఉంటది, దానికీ పెట్రోలుకీ సంబంధం లేదు. నీ బండిలో అలా కాదు. కార్బొరేటర్ నుంచి వచ్చిన పెట్రోలు, గాలి, నూనె కలిసి రీడ్ వాల్వ్ అనే ఒకవైపే తెరుచుకునే రేకు తలుపు దాటి ముందు ఆ క్రాంక్ డబ్బాలోకే వెళ్తాయి, పిస్టన్ కిందకి దిగుతూ వాటిని నొక్కితే పక్క దారుల్లోంచి పైకి వచ్చి అక్కడ మండుతాయి. అంటే క్రాంక్ డబ్బా ఒక సైకిల్ పంపు లాంటిది, ఎక్కడ చిన్న చిల్లు పడినా పని చెడిపోద్ది. పిస్టన్ పైకి వెళ్ళేటప్పుడు ఆ చిల్లులోంచి దొంగగాలి లోపలికి వచ్చేస్తది, ఆ గాలికి పెట్రోలు ఉండదు, నూనె ఉండదు. కార్బొరేటర్‌కి అసలు ఆ గాలి వస్తున్నట్టే తెలీదు, నువ్వు జెట్టు ఎంత పెంచినా ఒకచోట బాగుపడి ఇంకోచోట చెడుద్ది. నీకు మెయిన్ జెట్ పెద్దది వేసినా ఉపయోగం లేకపోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. ఇంకో సంగతి, మెయిన్ జెట్ గట్టిగా పనిచేసేది ముప్పావు రైజ్ దాటాకే. సగం రైజ్‌లో పనిచేసేది రైజ్‌తో పాటు పైకి లేచే స్లైడులో వేలాడే పిన్ను, పావు లోపు స్లో జెట్టు, ఐడ్లింగ్ కాడ ఏర్ స్క్రూ. రైజ్ వదిలేశాక రైజింగ్ దిగకపోవడానికి మెయిన్ జెట్ మార్చడం అంటే కాలు నొప్పికి తలకి కట్టు కట్టడం.

దొంగగాలి ఎక్కడ నుంచి రావొచ్చు అంటే, కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు జాయింటు మొదటిది. పాతబడిన రబ్బరు బయటికి బానే కనిపిస్తది, చేత్తో వంచి చూడు, వంచినప్పుడే సన్నటి పగుళ్ళు నోళ్ళు తెరుస్తాయి. రీడ్ వాల్వ్ కింద ప్యాకింగు రెండోది. బోరు కింద ప్యాకింగు మూడోది. ఆయిల్ పంపు తీసేశాడన్నావు చూడు, ఆ నూనె పైపు వచ్చి కలిసే చిన్న రంధ్రం సరిగ్గా మూశాడా లేదా చూడు, ఎమ్‌సీల్ పెట్టి వదిలేసుంటే అది పెట్రోలుకి మెత్తబడి ఊడిపోయుండొచ్చు. ఇక అన్నిటికంటే పెద్ద దొంగ మాగ్నెట్, అంటే కరెంటు పుట్టించే చక్రం, దాని వెనకుండే క్రాంక్ ఆయిల్ సీలు.

క్రాంక్‌కి రెండు పక్కలా సీళ్ళుంటాయి, రెండూ చెడితే వచ్చే లక్షణాలు వేరు వేరు. మాగ్నెట్ వైపు సీలు పోతే పొడి గాలి లాగుద్ది, ప్లగ్గు తెల్లగా అయిపోద్ది, వేడెక్కాక రైజింగ్ దిగదు, నువ్వు రాసినట్టే. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లాగేస్తది, తెల్లటి పొగ దట్టంగా వస్తది, ప్లగ్గు నల్లగా తడిగా అవుద్ది, గేర్ ఆయిల్ కారట్లేదు కానీ తగ్గిపోతుంటది. నీ ఉత్తరంలో పొగ మాట లేదు, అయినా గేర్ ఆయిల్ ఎంతుందో ఒకసారి చూసుకో. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక తేడా రావడం కూడా సీళ్ళ లక్షణమే, రబ్బరు గట్టిపడిపోయి పెదవి క్రాంక్‌ని పట్టుకోదు, లోపలి నూనె చిక్కగా ఉన్నంతసేపు అదే అడ్డుకుంటది, పలచబడ్డాక వదిలేస్తది.

సులువు పరీక్ష ఒకటుంది. సెలూన్‌లో తల తడపడానికి వాడే స్ప్రే సీసా తీసుకో, నీళ్ళు పొయ్యి, బండి వేడెక్కాక ఐడ్లింగ్‌లో పెట్టి రబ్బరు జాయింటు చుట్టూ, రీడ్ వాల్వ్ చుట్టూ, బోరు కింద సన్నగా కొట్టు. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ చప్పుడు మారుతుందో అక్కడే చిల్లు. ప్లగ్ క్యాప్ మీద కొట్టకు, అప్పుడు మారే చప్పుడు వేరే. పెట్రోలు మాత్రం కొట్టకు, కొంతమంది షెడ్డుల్లో అలా చేస్తారు, అది మంటతో ఆట. అనుమానం ఉన్న జాయింటుకి గ్రీజు మందంగా పూసి తిప్పి చూసినా తెలుస్తది, గ్రీజు పూశాక కాసేపు బాగుంటే అదే. మాగ్నెట్ సీలుకి మాత్రం ఈ స్ప్రే అందదు, దానికి ప్రెజర్ పరీక్షే.

ప్రెజర్ పరీక్షకి మెషీన్లు కొనక్కర్లేదు. మీ ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు గారి దగ్గర పట్టీ చిరిగిపోయిన పాత బీపీ మిషన్ ఉంటది చూడు, గుండ్రటి డయల్‌ది, అది అడిగి తెచ్చుకో. పాదరసం గొట్టం ఉన్నది వద్దు. పాత ప్లగ్గు ఒకటి తీసుకుని లోపల పింగాణీ కొట్టేసి, ఆ ఇనప చట్రంలో సన్న రాగి గొట్టం ఎమ్‌సీల్‌తో బిగించు, పూర్తిగా గట్టిపడనివ్వు, దానికి బీపీ మిషన్ పైపు తొడుగు. కార్బొరేటర్ తీసెయ్, సైలెన్సర్ తీసెయ్. లారీ ట్యూబు ముక్క మందంది కోసి సైలెన్సర్ కూర్చునే చోట పెట్టి, మీద రేకు ముక్క వేసి బోల్టులు బిగించు, ఇన్‌టేక్ దగ్గర కూడా అంతే, లేదంటే రబ్బరు జాయింట్లో సరిపోయే నున్నటి చెక్క బిరడా కొట్టి క్లాంపు బిగించు. పిస్టన్‌ని పూర్తిగా కిందకి దింపు, అప్పుడు పైనా కిందా అన్ని దారులూ కలిసి ఉంటాయి. ఇప్పుడు నీ ప్లగ్గు గొట్టం బిగించి బుడ్డి నొక్కు. డయల్ 300 దాకా ఉంటది, అంటే సుమారు ఆరు పీఎస్ఐ, ఇంజన్‌కి సరిగ్గా అంతే కావాలి, అంతకంటే ఎక్కువ కొడితే బాగున్న సీలు కూడా లేచిపోద్ది, అందుకే టైరు కంప్రెసర్‌తో ఈ పని చేయొద్దు.

ముల్లు 300 దగ్గర పెట్టి ఫోన్‌లో టైమ్ చూడు. మంచి ఇంజన్ అయితే ముల్లు కదిలీ కదలనట్టు ఉంటది. నిమిషానికి 50 లోపు పడితే సర్దుకోవచ్చు. కళ్ళముందే జారిపోతుంటే సబ్బు నీళ్ళు తీసుకుని ముందు నువ్వు పెట్టిన రబ్బరు ముక్కల దగ్గరే రాయి, ఎందుకంటే సగం సార్లు కారేది అక్కడే, ఇంజన్ మీద అభాండం వేయొద్దు. తర్వాత హెడ్డు, బోరు కింద ప్యాకింగు, రీడ్ జాయింటు. గేర్ ఆయిల్ పోసే మూత తీసి చెవి పెట్టి విను, లోపల బుడబుడ వినపడితే క్లచ్ వైపు సీలు. అక్కడ ఏమీ లేకపోతే మాగ్నెట్ తియ్యాలి, దానికి పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టి తీస్తానని ఎవడైనా అంటే బండి తోసుకుని ఇంటికొచ్చెయ్. మాగ్నెట్ తీశాక క్రాంక్ చుట్టూ సబ్బు నీళ్ళు రాస్తే బుడగ లేస్తది. చిన్న బుడగే, శనగగింజంత ఊది పగులుద్ది, మళ్ళీ ఊదుద్ది. ఇన్నాళ్ళూ ముగ్గురికి డబ్బులిచ్చి వెతికింది అదే.

మాగ్నెట్ వైపు సీలు చాలా బళ్ళకి ఇంజన్ చీల్చకుండా బయటి నుంచే మార్చొచ్చు, సీలు ఖరీదు పెద్దగా ఉండదు, కానీ కొత్తది కొట్టే ముందు క్రాంక్ కొనని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడు. కాస్తయినా ఆడిందంటే బేరింగ్ పోయింది, దాని మీద ఎన్ని కొత్త సీళ్ళు కొట్టినా నాలుగు రోజుల ముచ్చటే. అప్పుడు ఇంజన్ పూర్తిగా విప్పి బేరింగులు, రెండు సీళ్ళూ ఒకేసారి మార్చుకోవడం నయం.

బేరింగ్ మాట వచ్చింది కాబట్టి, నీ బండి ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కున్నావా? 2022 జూలై వరదలో మన లంకల్లో ఎన్ని బళ్ళు మునిగాయో నీకు నేను చెప్పక్కర్లేదు. వాటిలో కొన్నిటిని కడిగి, రంగులు వేసి అమ్మేసి ఉంటారు. టూ స్ట్రోక్ క్రాంక్ బేరింగుకి విడిగా నూనె తొట్టి ఉండదు కదా, నీళ్ళు చేరి కొన్నాళ్ళు అలాగే ఉంటే గుండ్ల మీద తుప్పు మచ్చలు పడతాయి, అవి మెల్లగా సీలు దారి కూడా పాడు చేస్తాయి. హెడ్‌లైట్ విప్పి డూమ్ లోపల చూడు, వైర్ల గుత్తి వెనక వేలు పెట్టి తియ్యి, సన్నటి ఒండ్రు వేలికి అంటుకుంటే ఆ బండి గోదారి చూసొచ్చిందే. పైన ఎంత పాలిష్ కొట్టినా హెడ్‌లైట్ లోపల ఎవరూ కడగరు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోయాయో లేదో కూడా పనిలో పని చూసుకో, పాత ఆర్‌ఎక్స్‌ల్లో ఇంజన్లు మారిపోవడం చాలా మామూలు, 100 కీ 135 కీ స్ట్రోకు ఒకటే, 50 ఎంఎం, బోరే తేడా, 50 ఒకదానికి 58 ఇంకోదానికి, అందుకని పైకి చూసి ఏది ఏదో పోల్చలేం.

ఇప్పుడు బోరు సంగతి. మూడో మెకానిక్ చెప్పింది పూర్తిగా కొట్టిపారేయలేను, ఎందుకంటే కోన్ ఫిల్టర్ పెట్టి లంక ఇసుకలో తిరిగిన బండి. సైలెన్సర్ ఎలాగూ తీస్తావు కదా, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కలు చూడు. నున్నగా బూడిద రంగులో ఉంటే సంతోషం, నిలువు గీతలు గోటికి తగిలేలా ఉంటే బోరు అయిపోయినట్టే. షెడ్డులో కంప్రెషన్ గేజ్ ఉంటే ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, రైజ్ పూర్తిగా తెరిచి పట్టుకుని కిక్ కొట్టించు, రైజ్ మూసి కొడితే తప్పుడు లెక్క వస్తది. 120 పీఎస్ఐ చుట్టుపక్కల చూపిస్తే కంగారు లేదు, 90 కిందకి పోతే ఓవర్ సైజు పిస్టన్ గురించి ఆలోచించు. బోరు చేయించాల్సి వచ్చినా సీలు తేల్చాకే చేయించు. చిల్లున్న ఇంజన్‌లో కొత్త పిస్టన్ వేస్తే కొత్తలో నెమ్మదిగా తిప్పే రోజుల్లోనే పట్టేస్తది, కొత్త పిస్టన్ బిగుతుగా ఉంటది కాబట్టి పాతదానికంటే ముందే పట్టేస్తది. అలా పట్టేసినప్పుడు పిస్టన్ కంపెనీ మంచిది కాదని తిట్టుకోవడం కూడా మన దగ్గర ఆనవాయితీ.

కోన్ ఫిల్టర్ మాత్రం తీసెయ్, ఈ విషయంలో నాతో వాదించకు. కార్బొరేటర్ వెనక నోట్లో వేలు పెట్టి గోడ తుడిచి ఆ వేలిని బొటనవేలితో రుద్దు. గరగరమందా, ఆ గరగర అంతా పిస్టన్ రింగుల మధ్యకి వెళ్ళిందే. కంపెనీ డబ్బా సంపాదించి, ఫోమ్ ఫిల్టర్‌ని సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి, గేర్ ఆయిల్ కొంచెం పోసి పిసికి, పిండేసి పెట్టు. నూనె లేని ఫోమ్ దుమ్మును ఆపదు. యమహా వైజెడ్, కవాసాకీ కేఎక్స్ లాంటి అసలు డర్ట్ బైకులు చూడు, రేసు బళ్ళే కదా, వాటికి పెద్ద ఫిల్టర్ డబ్బాలు, నూనె రాసిన ఫోమ్ ఉంటాయి, వాటి పిస్టన్లు కిలోమీటర్ల లెక్కన కాదు గంటల లెక్కన మారుస్తారు, అంత ఖర్చు పెట్టేవాళ్ళే ఫిల్టర్ పీకట్లేదు. డబ్బా తిరిగి పెట్టాక ఫిల్టర్ లేనప్పటి జెట్టు సరిపోదు, కంపెనీ సైజు జెట్టుకి వెనక్కి రా, అక్కడ నుంచి మొదలుపెట్టు.

పెట్రోలు గురించి రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరుకుతున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటది కాబట్టి అదే జెట్టు మీద బండి కాస్త పొడిగా, అంటే పెట్రోలు తక్కువైనట్టుగా నడుస్తది. నీ బండి తయారైనప్పుడు ఆ పెట్రోలు లేదు. అందుకని సీళ్ళన్నీ బాగున్నాయని తేలాక కంపెనీ సైజు మీద మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచడం తప్పు కాదు, పిన్ను క్లిప్పు ఒక గాడి కిందకి దింపితే పిన్ను పైకి లేచి సగం రైజ్‌లో కూడా పెట్రోలు పెరుగుద్ది. ఒక్కసారి ఒక్కటే మార్చు, మార్చాక తిప్పి చూడు, ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో బ్రహ్మకి కూడా తెలీదు. ఇథనాల్ నీళ్ళు పీల్చుద్ది, పాత రబ్బరు పైపుల్ని, ఓ రింగుల్ని ఉబ్బిస్తది. వర్షాకాలంలో నెలల తరబడి బండి మూల పెట్టినప్పుడు ట్యాంకులోది గాజు సీసాలో పట్టి ఒక పూట వదిలెయ్, అడుగున వేరే పొర కనపడితే మొత్తం పారబొయ్యాలి, పైది పనికొస్తదని వడకట్టుకోకు.

నూనె లీటరుకి 20 అంటే ఒకటికి యాభై. మంచి నూనె అయితే రోడ్డు మీద అది సరిపోద్ది, ఇసుకలో గాలి తగలకుండా ఉక్కిరిబిక్కిరిగా నడిచే పాత ఇంజన్‌కి నేనైతే 30 నుంచి 35 ఎంఎల్ వేస్తాను. పెంచమన్నాను కదా అని 60 పోసెయ్యకు, నూనె పెరిగినకొద్దీ ఆ జెట్టులోంచి వెళ్ళే పెట్రోలు వాటా తగ్గుద్ది, అంటే నువ్వు చల్లబరుద్దామనుకుని ఇంకా పొడిగా చేసినట్టు, పైగా సైలెన్సర్‌లో మసి పేరుకుపోద్ది. నూనె కొలిచి డబ్బాలో కలిపి, ఊపి, అప్పుడు ట్యాంకులో పొయ్యి, ట్యాంకులో నూనె పోసి బంకులో పెట్రోలు కొట్టించేసి బండిని అటూ ఇటూ ఊపడం వద్దు.

సీడీఐ ఊరికే మార్చారన్నాను కానీ తర్వాత ఎప్పుడైనా తేడా వస్తే పోల్చుకోడానికి ఒక గుర్తు, కరెంటు పోయే బండి టక్కున తెగిపోద్ది, మిస్ కొట్టుద్ది, చల్లారాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుద్ది, అది చాలాసార్లు మాగ్నెట్ లోపలి కాయిల్. పెట్రోలు అందని బండి మెల్లగా నీరసపడుద్ది. నీది రెండోది. తీసేసిన పాత సీడీఐ ఆ మెకానిక్ దగ్గరే వదిలేశావా, వెళ్ళి తెచ్చుకో, అది బాగానే ఉండుంటది, కంపెనీ సీడీఐ ఇప్పుడు దొరకడమే కష్టం.

ఇక ఛాంబర్. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఊరికే పొగ గొట్టం కాదు, అది ఇంజన్‌లో భాగమే. బయటికి వెళ్ళే పొగ అల సైలెన్సర్ పొట్ట చివర గోడకి తగిలి వెనక్కి వచ్చి, బయటికి జారిపోబోతున్న పెట్రోలుని మళ్ళీ లోపలికి నెడుద్ది. ఆ అల ఏ రైజింగ్‌లో సరిగ్గా తిరిగి వస్తదో పొట్ట కొలతల్ని బట్టి ఉంటది. బయట దొరికే ఛాంబర్లు ఎక్కువ పైన రైజింగ్‌లో లాగడానికి చేసినవి, కింద లాగుడు చచ్చిపోద్ది, నీకు ఇసుకలో కావాల్సిందేమో కింద లాగుడే. పైగా దానికి తగ్గట్టు జెట్లు మళ్ళీ మొదటి నుంచి సెట్ చేసుకోవాలి, లేదంటే నీ బండి ఇప్పుడున్న జబ్బు ఇంకా పెరుగుద్ది. రోడ్డెక్కితే పోలీసోళ్ళు ఆపడం సరేసరి, మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కింద బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు, చప్పుడు ఎక్కువైతే 190 కింద ఫైను వేరే. ఆ డబ్బు పెట్టి కంపెనీ సైలెన్సర్‌ని శుభ్రం చేయించు. వెనక జాలీ గొట్టం లాగి చూడు, ముందు ఓనరు సౌండు కోసం అది పీకి పారేసుంటే ఒకటి కొని పెట్టు, ఉంటే మసి కాల్చి దులుపు. బోరులో పొగ బయటికి వచ్చే రంధ్రం చుట్టూ కూడా మసి పట్టి ఉంటది, పిస్టన్ కిందకి దింపి మొద్దు చెక్కముక్కతో గీకు, స్క్రూడ్రైవర్ పెట్టకు, ఆ పొడి లోపల పడకుండా ఊది తుడువు.

బీపీ మిషన్ పరీక్ష చేశాక ముల్లు ఎంత పడిందో, బుడగ ఎక్కడ లేచిందో, ప్లగ్గు ఏ రంగులో ఉందో రాసి పంపు, జెట్ల మీద అంకెలు కూడా రాయి. అప్పుడు పిన్ను ఏ గాడిలో పెట్టాలో చెప్తాను.